49 పోటీలు, ఓటమి సున్నా: రాకీ మార్సియానో

మహమ్మద్ అలీ, మైక్ టైసన్ పేర్లు మనలో అందరికీ తెలుసు. ఇండియాలో ఉన్నంతకాలం నాకూ బాక్సింగ్ అంటే ఆ ఇద్దరే. ఎమ్మెస్‌కని అమెరికా వచ్చాకే రాకీ మార్సియానో పేరు విన్నాను. 49 పోటీలు ఆడి, 49 గెలిచి (అందులో 43 నాకౌట్లు), హెవీవెయిట్ ప్రపంచ చాంపియన్‌గానే రిటైరయిన మనిషి ఈయన.

1923లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని బ్రాక్టన్‌లో పుట్టాడు. చెప్పుల ఫ్యాక్టరీల ఊరు అది. వాళ్ళ నాన్న ఇటలీ నుంచి వలస వచ్చి అందులోనే పనిచేశాడు. కొడుక్కి మాత్రం బేస్‌బాల్ పిచ్చి. 1947లో షికాగో కబ్స్ వాళ్ళ ట్రయల్స్‌కి వెళ్తే, బంతి విసరడంలో చెయ్యి బలం చాలదని పంపేశారు. ఆ చేత్తోనే తర్వాత అంతమందిని పడగొట్టాడు మరి!

చూడ్డానికి చాంపియన్‌లా ఉండడు. ఎత్తు అయిదడుగుల పది అంగుళాలు, చేతులు పొట్టి, కదలిక మొరటు. కోచ్ చార్లీ గోల్డ్‌మన్ ఆ లోపాల్ని దిద్దే ప్రయత్నం మానేసి, వంగి దగ్గరకి చొచ్చుకెళ్ళి కొట్టడం నేర్పాడు.

1949 డిసెంబర్‌లో కార్మైన్ వింగో అనే కుర్రాడు ఆయన దెబ్బలకి కోమాలోకి వెళ్ళి, చావు అంచుదాకా వెళ్ళి బతికాడు. మళ్ళీ రింగులోకి దిగలేదు. రికార్డులో అది కూడా ఒక నాకౌట్, అంతే. 1951లో, పన్ను బకాయిల కోసం మళ్ళీ గ్లవ్స్ తొడిగిన 37 ఏళ్ళ జో లూయిస్‌ని ఎనిమిదో రౌండులో పడగొట్టాడు. లూయిస్ ఆయనకి చిన్నప్పటి హీరో. గెలిచి ఏడ్చాడని చెబుతారు.

ముసలివాళ్ళనే కొట్టాడని విమర్శకులు అంటారు. అందులో నిజం లేకపోలేదు. కానీ 1952 సెప్టెంబర్ 23న ఫిలడెల్ఫియాలో జెర్సీ జో వాల్కాట్‌తో జరిగిన పోటీ చూడండి. మొదటి రౌండులోనే కిందపడ్డాడు. పన్నెండు రౌండ్లయ్యేసరికి ముగ్గురి స్కోరుకార్డుల్లోనూ వెనకే ఉన్నాడు. పదమూడో రౌండులో ఒక్క కుడిచేతి పంచ్, టైటిల్ ఆయనదైంది. 1954లో ఎజర్డ్ చార్లెస్‌తో రెండోసారి తలపడినప్పుడు ముక్కు చీలిపోయి రక్తం ఆగలేదు. డాక్టరు ఆపేస్తే ఓటమే. ఎనిమిదో రౌండులో నాకౌట్ చేసి బయటపడ్డాడు. 49-0 అన్న అంకెలో ఇవేవీ కనబడవు.

1955లో ఆర్చీ మూర్‌ని ఓడించి, మరుసటి ఏడాది ఏప్రిల్‌లో 32 ఏళ్ళకే రిటైరయ్యాడు. 50 పూర్తిచేద్దామని కూడా ఆగలేదు. 48-0 దాకా వచ్చిన లారీ హోమ్స్ 1985లో ఓడిపోయాడు. 50-0 చేసిన ఫ్లాయిడ్ మేవెదర్ (2017) హెవీవెయిట్ కాదు.

మన వృత్తివాళ్ళకి నచ్చే ముచ్చట ఒకటుంది. అలీ, మార్సియానో తలపడితే ఎవరు గెలుస్తారో ఎన్.సి.ఆర్. 315 కంప్యూటర్‌ని అడిగారు. 1969లో ఇద్దర్నీ పిలిచి, చాలా రౌండ్లు నటింపజేసి, రకరకాల ముగింపులు షూట్ చేశారు. మార్సియానో విగ్గు పెట్టుకుని, చాలా బరువు తగ్గి వచ్చాడు. ఫలితం ఇద్దరికీ చెప్పలేదు. 1970 జనవరిలో అమెరికా థియేటర్లలో వేసినప్పుడు, పదమూడో రౌండులో అలీ నాకౌట్! ఇన్‌పుట్ ఎంత బాగుంటే అవుట్‌పుట్ అంత బాగుంటుందని మనకి తెలియంది కాదు, అలీ అభిమానులు ఒప్పుకోకపోవడంలో వింత లేదు. మార్సియానో మాత్రం ఆ సినిమా చూడలేదు. 1969 ఆగస్టు 31న, 46వ పుట్టినరోజుకి ఒక్కరోజు ముందు, అయోవాలో చిన్న విమానం కూలి చనిపోయాడు.