అచ్చుకు ముందు పుట్టిన నవ్వు: అమెరికా కళాశాలల్లో పట్టభద్రుల పరిహాస పరిచయాలు

అమెరికా కళాశాలల్లో చదువు ముగించుకొని వెళ్లే విద్యార్థి ఫొటో కింద అతని నడక, నిద్ర, అప్పులు, ప్రేమ వ్యవహారాల గురించి తోటివారు నాలుగు కొంటె వాక్యాలు రాసి వార్షిక సంచికలో అచ్చువేసే ఆచారం ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లో ఉచ్చదశకు చేరింది. దాని పుట్టుకకు సాధారణంగా చెప్పే కారణం హాఫ్‌టోన్ ముద్రణ, అంటే ఛాయాచిత్రాన్ని సన్నని చుక్కలుగా విడగొట్టి అక్షరాలతో పాటే ఒకే పుట మీద అచ్చువేసే పద్ధతి. 1890ల నాటికి బ్లాకులు చౌకబడ్డాయనీ, బొమ్మ పక్కన మిగిలిన ఖాళీలో విద్యార్థులు సరదాగా రాయడం మొదలుపెట్టారనీ, మొదటి ప్రపంచ యుద్ధంతో ఆ అమాయకపు నవ్వు ఆగిపోయిందనీ కథనం సాగుతుంది. బొమ్మ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే ఈ వివరణ నవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పదు. అది అమాయకమైనదన్న మాటనైతే పరీక్షించకుండానే ఒప్పుకుంటుంది.

బొమ్మల చరిత్ర అందరికీ తెలిసిందే. 1806లో యేల్ కళాశాల పట్టభద్రులలో కొందరి ఛాయారూపాలు, అంటే ముఖం పక్కవాటు గీతను నల్లగా నింపిన చిత్రాలు, ఒక పుస్తకంగా కూర్చబడ్డాయి. 1852లో హార్వర్డ్ తరగతికి జాన్ ఆడమ్స్ విపుల్ ఛాయాచిత్రాలు తీశాడు. తర్వాతి సంవత్సరాల్లో జార్జ్ కెండల్ వారెన్ తూర్పు రాష్ట్రాల కళాశాలలెన్నింటికో తరగతి ఆల్బములు తయారుచేశాడు. వీటిలో హాస్యపు జాడ లేదు. కాలర్లు బిగించుకొని కూర్చున్న ఆ యువకులు అప్పటికే న్యాయమూర్తులైనట్టు కనిపిస్తారు.

నవ్వు మరొక చోట పెరుగుతూ వచ్చింది. యేల్‌లో చదువు ముగిసే రోజుల్లో జరిగే ‘ప్రెజెంటేషన్ డే’ నాడు సీనియర్లు ఆరుబయట గుండ్రంగా కూర్చొని పొడవాటి మట్టి పైపులు కాల్చుతుండగా, తరగతి చరిత్రకారులుగా ఎన్నికైనవారు సహాధ్యాయుల బతుకులను ఎగతాళిగా చదివి వినిపించేవారు. 1869లో అక్కడే పట్టభద్రుడైన లైమన్ బాగ్ 1871లో వెలువరించిన యేల్ జ్ఞాపకాల గ్రంథం ఈ తంతును వర్ణిస్తుంది. వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో సాక్ష్యం ఇంకా సూటిగా ఉంది: జూన్ పట్టభద్రోత్సవానికి నూరు రోజుల ముందు క్యాడెట్లు జరుపుకునే ‘హండ్రెడ్త్ నైట్’ వేడుకలో చదివి వినిపించే వ్యంగ్య పత్రిక పేరు ‘హోవిట్జర్’ కాగా, 1896 నుంచి వెలువడిన అకాడమీ వార్షిక సంచికకూ ఆ పేరే దక్కింది. అంటే కొంతకాలం బొమ్మ ఉన్నచోట హాస్యం లేదు, హాస్యం ఉన్నచోట బొమ్మ లేదు. హాఫ్‌టోన్ చేసినదల్లా ఈ రెండింటినీ ఒక పుట మీదికి తేవడమే. అది చిన్న పనేమీ కాదు. బ్లాకులు చౌకబడకుంటే చిన్న కళాశాలలకు ఈ ప్రక్రియ అందేదే కాదు. అయినా వేదికను కట్టినవాడు నాటకం రాసినవాడు కాడు.

ఈ కలయిక జరిగిన 1890–1917 మధ్యకాలమే వివాదాస్పదం. మౌఖిక పరిహాసంలో గురి అయినవాడు ఎదుటే కూర్చొని ఉంటాడు. మోతాదు మించితే వాడి ముఖమే చెబుతుంది, పక్కవాడు అడ్డుకుంటాడు, మర్నాటికి మాట గాలిలో కలిసిపోతుంది. అచ్చులో ఈ మూడు అదుపులూ సడలాయి. ఎంత సడలాయన్నది రాసేది ఎవరన్నదాని మీద ఆధారపడింది. చాలా విశ్వవిద్యాలయాల్లో సంచికను జూనియర్ తరగతి నడిపేది. అక్కడ సీనియర్‌ను వర్ణించే కలం అతనితో కలిసి చదివినవాడిది కాకపోవచ్చు. అనాపొలిస్ నౌకాదళ అకాడమీలో 1894లో మొదలైన ‘లక్కీ బ్యాగ్’లో గదిమిత్రులూ సన్నిహితులూ రాసే పద్ధతి స్థిరపడినందువల్ల ఆ పరిచయాల్లో వెచ్చదనం ఎక్కువ. 1905 సంచికలో, తర్వాతి కాలంలో అడ్మిరల్ అయిన చెస్టర్ నిమిట్జ్ పేరు పక్కన కవి వర్డ్స్‌వర్త్ రచన ‘ది ఎక్స్‌కర్షన్’ నుంచి మెచ్చుకోలు మాటలు కనిపిస్తాయి. ప్రసిద్ధ కావ్యాల ముక్కలను ఇలా ఆకతాయి బొమ్మకు తగిలించడం ఆ కాలపు సంపాదకులకు ప్రీతిపాత్రమైన యుక్తి.

అంతా అంత సాత్వికం కాదు. 1915 నాటి ‘హోవిట్జర్’, తర్వాతి కాలంలో దేశాధ్యక్షుడైన డ్వైట్ ఐజన్‌హోవర్‌ను అందగాడినని చెప్పుకునేవాడిగా ఆటపట్టిస్తూ, జర్మన్ మూలాలు గల అతన్ని స్వీడన్ యూదుడిగా చిత్రించింది. అది అతనికి అంటని ముద్ర కనుక నవ్వులో కలిసిపోయింది. ఏడేళ్లకు, 1922 ‘లక్కీ బ్యాగ్’లో, నిజంగా యూదుడూ తరగతిలో రెండవ స్థానంలో నిలిచినవాడూ అయిన లెనార్డ్ కాప్లాన్ పుటకు సంఖ్య వేయలేదు, విషయసూచికలో పేరు చేర్చలేదు, పుస్తకం చెడకుండా చింపి పారేసేందుకు వీలుగా ఆ పుటకు చిల్లుల గీత కూడా కొట్టించారు. రెండూ వేర్వేరు సంస్థలు గనుక ఒకదాని నుంచి మరొకటి పుట్టిందనడం తగదు. మౌఖిక పరిహాసం దయగలదనడమూ తగదు, ఎందుకంటే కొత్త విద్యార్థులను హింసించే ఆచారమూ ఈ వేడుకలూ ఆ ఆవరణల్లోనే కలిసి బతికాయి. అయితే చిల్లుల గీత అచ్చుకే సాధ్యమైన వెలి, దాని వెనుక సంపాదకుడి ఆలోచనా ముద్రాపకుడి పనీ ఉన్నాయి. యుద్ధానికి ముందు అమాయకపు నవ్వు, యుద్ధంతో దాని అంతం అన్న కాలవిభజనకు ఈ పుట ఒక్కటే గట్టి ఎదురు సాక్ష్యం. నవ్వే వలయంలో చోటు దొరకనివారు తమ పుస్తకాలు తామే వేసుకున్నారు. నల్లజాతీయుల హోవర్డ్ విశ్వవిద్యాలయంలో 1914 తరగతి తొలి వార్షిక సంచికను వెలువరించడాన్ని ఈ కోణం నుంచీ చూడవలసి ఉంది.

ప్రక్రియ క్షీణతకు యుద్ధాన్ని నిందించడం కన్నా అంకెలను చూడటం మేలు. 1900లో దేశంలోని 977 ఉన్నత విద్యాసంస్థలు ఇచ్చిన బ్యాచిలర్ పట్టాలు 27,410, అంటే స్థూలంగా సంస్థకు 28. పెద్ద విశ్వవిద్యాలయాలను పక్కన పెడితే, ఒకరి గుట్టు ఒకరికి తెలిసే తరగతులవి. 1930 నాటికి పట్టాలు 1,22,484కు చేరాయి. వందలమంది ఉన్న తరగతిలో ఒక్కొక్కరి గురించి కొంటెగా రాయగలిగినంత పరిచయం ఏ సంపాదకుడికీ ఉండదు కనుక వాక్యాల స్థానంలో సంఘాల పేర్లూ క్రీడల జాబితాలూ వచ్చాయి. చికాగోలోని జాన్ అండ్ ఒలియర్ వంటి బ్లాకుల తయారీ సంస్థల ఆధ్వర్యంలో సంచికల రూపమూ ఒకే మూసలోకి ఒదిగింది.

నేటి స్థితి ఉత్సాహపరిచేది కాదు. పర్‌డ్యూ విశ్వవిద్యాలయపు ‘డెబ్రీ’ 2008తో ఆగిపోయింది. మిగిలిన సంచికల్లో విద్యార్థి తన గురించి తానే ఒక సూక్తి ఎంచుకుంటున్నాడు తప్ప మరొకరు అతన్ని గమనించి రాయడం అరుదు. పాత సంచికలు మాత్రం డిజిటల్ రూపంలో మునుపెన్నడూ లేనంతగా చదవబడుతున్నాయి, కానీ వంశవృక్షాలు వెతికేవారికి పేరు చాలు, అపకీర్తి వెతికేవారికి బొమ్మ చాలు. 2019లో వర్జీనియా గవర్నర్ రాల్ఫ్ నార్తమ్ 1984 నాటి వైద్య కళాశాల సంచిక పుటలో, నల్లజాతీయులను వెక్కిరిస్తూ ముఖానికి నల్లరంగు పూసుకున్న వ్యక్తీ శ్వేతజాతి దురహంకార సంస్థ కు క్లక్స్ క్లాన్ ముసుగు వేసుకున్న వ్యక్తీ ఉన్న ఫొటో వెలుగు చూసినప్పుడు చర్చంతా అందులో ఉన్నది ఎవరన్నదాని చుట్టే తిరిగింది; కళాశాల జరిపించిన విచారణ దాన్ని తేల్చలేకపోయింది. ఆ ఏడాదే ‘యుఎస్‌ఏ టుడే’ పత్రిక పాత సంచికలు 900 తిరగేయించినప్పుడు, ఆ పత్రిక సంపాదకురాలు విద్యార్థినిగా తాను సంపాదకత్వం వహించిన సంచికలోనూ నల్లరంగు పూసుకున్న ముఖాల ఫొటో ఉందని తెలుసుకొని ఆ సంగతి తానే ప్రకటించింది. పుటను కూర్చినవారి బాధ్యత గురించిన ప్రశ్న అప్పుడు మాత్రం, అదీ కొద్ది రోజులపాటు, వినిపించింది.