కల్లుపాట, నాటకశాల, ఇరుగుపొరుగు: అవినాశి సీమలో మద్యపు లైసెన్సు నిబంధనల చరిత్ర

కోయంబత్తూరు పట్టణము నుండి ఈశాన్యముగా సేలము దిక్కునకు సాగెడి బాటపై అవినాశి యను ప్రాచీన శైవక్షేత్రము కలదు. పట్టణములో ఆ బాటకు అవినాశి రోడ్డనియే పేరు. పదునాల్గవ శతాబ్ది ఉత్తరార్ధమున విజయనగర సైన్యములు మధురను జయించిన పిమ్మటను, పదునాఱవ శతాబ్దిలో విశ్వనాథనాయకుడు అచట నాయకరాజ్యమును నెలకొల్పిన పిమ్మటను, తెలుగు కుటుంబములు అనేకములు దక్షిణమునకు తరలివచ్చి ఈ సీమయందలి నల్లరేగడి నేలలను సాగునకు దెచ్చినవి. కమ్మవారు, బలిజలు, రెడ్లు, దేవాంగులు మున్నగువారు ఇంట తెలుగును, వీథిలో తమిళమును వాడుచు తరములు గడపిరి. వారి సేద్యమును గూర్చియు, మిల్లులను గూర్చియు పెద్దలు వ్రాసియున్నారు. ఊరిలో మద్యము ఎవ్వరు అమ్మవలెను, ఎచట అమ్మవలెను, ఏ నిబంధనలకు లోబడి అమ్మవలెను అను ప్రశ్నయు వారి బ్రతుకులను తక్కువగా తాకలేదు. ఆ నిబంధనలు మాఱిన తీరును పరిశీలించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

పాటకాలము

1799లో టిప్పుసుల్తాను పతనమైన పిదప కొంగుసీమ ఇంగ్లీషు కంపెనీ పాలనలోనికి వచ్చెను. కల్లు, సారాయములపై రాబడిని కంపెనీవారు పెక్కుకాలము గుత్తకిచ్చిరి. మద్రాసు ఆబ్కారీ చట్టము 1886లో వచ్చిన తరువాత ఈ వ్యవహారమంతయు ఒక క్రమమునకు లోబడెను. చెట్టు గీయుటకొక లైసెన్సు, గీచిన చెట్టుకు పన్ను, దుకాణమునకు ఏటేట పాట, సీమసారాయమునకు వేఱు లైసెన్సు. కల్లుగీత కొబ్బరి, తాడి, ఈత చెట్లపై ఆధారపడునది గనుక తోటగల రైతు, చెట్టెక్కు గీతగాడు, దుకాణము పాడుకొన్న కంట్రాక్టరు, పాట నడపు తహశీలుదారు అందఱును ఒకే గొలుసులోని కడియములైరి.

నాటకశాలల సంగతి మఱియొక చట్టము క్రిందిది. 1876 నాటి నాటక ప్రదర్శనల చట్టము ఏ నాటకమును నిషేధింపవచ్చునో చెప్పెను. మద్రాసు రాజధానిలో బహిరంగ వినోదస్థలములకు లైసెన్సు ఉండవలెనని 1888 నాటి చట్టము విధించెను. ఇట్లు ఊరి జనము సాయంకాలము చేరు రెండు చోట్లకును, అనగా కల్లుపాకకును నాటకపు కొట్టాయికిని, దొరతనము వారి అనుమతిపత్రమే ఆధారమైనది. రెండింటికిని ఒక ముఖ్యమైన భేదము కలదు. నాటకశాల లైసెన్సులో శాంతిభద్రతలే ప్రధానము. కల్లు లైసెన్సులో ఖజానాయే ప్రధానము. భూమిశిస్తు తరువాత మద్రాసు ప్రభుత్వమునకు అతిముఖ్యమైన రాబడులలో ఆబ్కారీ యొకటి. అందుచేత కల్లు నిబంధనలను బిగించినచో నష్టపోవువాడు కంట్రాక్టరొక్కడే కాడు, ప్రభుత్వమును నష్టపోవును.

లండను నగరపు ఒక తగవు

మద్యమును నాటకశాలయు ఒకే కప్పుక్రింద ఉన్నచోట ఏమి జరుగునో లండను నగరము చూపినది. 1843 నాటి చట్టము ప్రకారము అచట నాటకమాడు శాలలు వేఱు, పాటలు పాడుచు మద్యము నమ్ము శాలలు వేఱు. ఈ రెండవ తెగకు చేరిన లీసెస్టరు స్క్వేరులోని ఎంపైర్ అను శాలలో ప్రేక్షకుల వెనుక విశాలమైన వాకిలియు, దానిని ఆనుకొని మద్యపు బల్లలును ఉండెడివి. ఆ వాకిలి అవినీతికి ఆటపట్టైనదని 1894లో లారా ఆర్మిస్టన్ చాంటు అను సంఘసంస్కర్త నగరపాలకసంఘము ఎదుట ఆక్షేపించెను. ప్రేక్షకుల నడుమ మద్యము అమ్మరాదను షరతును సంఘము లైసెన్సునకు చేర్చెను. యజమానులు బల్లలకును వాకిలికిని నడుమ గుడ్డతెరలు కట్టించిరి. ఆ సంవత్సరము నవంబరు 3వ తేదీ రాత్రి యువకుల గుంపొకటి ఆ తెరలను చించివైచెను. వారిలో సైనికవిద్యార్థిగానున్న విన్‌స్టన్ చర్చిల్ ఒకడు. ఆ సంగతిని తరువాత ఆయనయే తన ఆత్మకథలో వ్రాసికొనెను.

ఈ తగవులో గమనింపదగినది ఒకటి కలదు. లైసెన్సు అనునది ఇచ్చువానికిని పుచ్చుకొనువానికిని నడుమ మాత్రమే కుదిరిన ఒడంబడిక యని అంతవఱకు తలచిరి. చాంటమ్మ మూడవ పక్షమును ముందునకు దెచ్చెను. ఆ మూడవ పక్షము ఇరుగుపొరుగు. కోయంబత్తూరు సీమలో ఈ మూడవ పక్షమే నిబంధనలను మాఱ్చినది. అయితే ఇచట అది లైసెన్సు సంఘము ఎదుట కాక దుకాణము ఎదుటనే నిలిచెను.

ఈరోడు పికెటింగు

ఈరోడు నాడు కోయంబత్తూరు జిల్లాలోనిదే. 1921లో సహాయనిరాకరణోద్యమము నడచుచుండగా అచట కల్లుదుకాణముల ఎదుట పికెటింగు జరిగెను. దానికి నాయకుడు ఈరోడు వర్తకుటుంబమునకు చెందిన ఇ.వి. రామస్వామి నాయకరు. ఆయన తమిళ కన్నడ తెలుగు భాషలు మూడింటను మాటలాడగలవాడు. కల్లునకు తన తోట తోడ్పడరాదని కొబ్బరిచెట్లను వందలకొలది నఱికించెను. ఆయన చెఱసాలకు బోయిన పిదప భార్య నాగమ్మయు, చెల్లెలు కణ్ణమ్మయు పికెటింగును కొనసాగించిరి. ఉద్యమమును నిలుపుట తన చేతిలో లేదు, ఈరోడులోని ఇద్దఱు స్త్రీల చేతిలోనున్నదని గాంధీజీ అన్నట్లు చెప్పుకొందురు.

అప్పటికి ఆబ్కారీ శాఖ దేశీయ మంత్రుల అధీనమునకు వచ్చెను. విద్యాశాఖయు వారిదే. బడుల ఖర్చునకు కల్లుడబ్బు ఆధారమగుట వారికి పెద్ద చిక్కైనది. పిల్లవాని చదువు తండ్రి త్రాగుడుపై ఆధారపడుట సిగ్గుచేటని గాంధీజీ 1937లో కూడ గట్టిగా వ్రాసెను.

నాటకశాలలు సైతము ఈ పోరాటమున ఊరకుండలేదు. మధురలో 1918 ప్రాంతమున శంకరదాసస్వామి బాలుర నాటకసభను నెలకొల్పెను. దక్షిణదేశపు రంగస్థలమునకు అది పెద్ద పాఠశాల. విశ్వనాథదాసు అను నటుడు పురాణ నాటకముల నడుమ దేశభక్తి గీతములు పాడి పలుమార్లు చెఱసాలకేగెను. 1940లో చెన్నపురి రంగస్థలముననే ఆయన ప్రాణము విడిచెను. కోయంబత్తూరులో సామికన్ను విన్సెంటు 1914లో వెరైటీ హాలును కట్టించి చలనచిత్రములను శాశ్వతశాలలో చూపెను. 1938లో హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వమున వెలువడిన గృహలక్ష్మి తెలుగు చిత్రములో కల్లు మానుమని ప్రబోధించు గీతమును చిత్తూరు నాగయ్య పాడెను. అది ఆనాటి తెలుగువారి నోళ్లలో నానినది. ఇట్లు శాంతిభద్రతల లైసెన్సుతో నడచు శాల, ఖజానా లైసెన్సుతో నడచు దుకాణమును ప్రశ్నించెను.

నిషేధము

చక్రవర్తి రాజగోపాలాచారి 1925లో తిరుచెంగోడు దగ్గఱ పుదుపాళెమున గాంధీ ఆశ్రమమును స్థాపించి మద్యపాన నిరసనమును ఊరూర బోధించెను. 1937 జూలైలో ఆయన ప్రధానమంత్రి యయ్యెను. ఆ సంవత్సరమే చట్టము చేయించి అక్టోబరు 1వ తేదీనుండి సేలము జిల్లాలో మద్యనిషేధమును అమలుపఱచెను. మఱుసటి యేడు తెలుగు జిల్లాలైన చిత్తూరు, కడపలకును, 1939లో ఉత్తర ఆర్కాటునకును అది వ్యాపించెను. పోయిన రాబడికి బదులుగా 1939లో అమ్మకపు పన్ను వచ్చెను. సేలమున అధికారులు సాయంకాలపు వేళల భజనలు, ఆటలు, ప్రదర్శనలు ఏర్పాటుచేసిరి. కల్లుపాకకు పోవు కాలు మఱియొక చోటికి పోవలెనను ఆలోచన అందున్నది. సున్నము పూసిన ముంతలో గీచిన తీపినీటితో బెల్లము వండుకొనుటకు గీతగాండ్రకు అనుమతులిచ్చిరి. సున్నము చెట్టునీటిని పులియనీయదు గనుక ముంతకు పూసిన తెల్లపూతయే కల్లునకును బెల్లమునకును నడుమ హద్దైనది.

1939 అక్టోబరులో ఆ మంత్రివర్గము వైదొలగెను. యుద్ధకాలమున సలహాదారుల ప్రభుత్వము నిషేధమును నిలిపివైచెను. 1946లో టంగుటూరి ప్రకాశము పంతులు ప్రధానియై మరల ఎనిమిది జిల్లాలలో దానిని నెలకొల్పెను. ఆయన తరువాత వచ్చిన ఓమందూరు రామస్వామి రెడ్డియారు తెలుగు మాతృభాషగాగల రెడ్డి కుటుంబీకుడు. ఆయన పాలనలో 1948 అక్టోబరు 2వ తేదీకి రాజధాని యంతటను నిషేధము పూర్తియయ్యెను. కోయంబత్తూరు మిల్లులలో కూలివాని జీతము ఇల్లు చేరుటకు ఇది తోడ్పడునని ఆశించినవారు పెక్కుమంది.

గీతగాని ప్రశ్న

అయితే చెట్టెక్కువాని గతి యేమి? ఈ ప్రశ్న తెలుగునాటనే బలముగా తలయెత్తెను. 1953లో ఏర్పడిన ఆంధ్రరాష్ట్రమునకు మద్రాసు నిషేధచట్టము వారసత్వముగా వచ్చెను. ప్రకాశము పంతులు ముఖ్యమంత్రి. బ్రతుకుతెరువు పోయిన గీతపనివారి పక్షమున గౌతు లచ్చన్న ఆందోళన నడపెను. 1954 నవంబరులో ఈ వివాదముపైననే ప్రకాశము మంత్రివర్గము ఒక్క ఓటు తేడాతో పడిపోయెను. నిషేధమును 1946లో మరల నిలిపినవాడే నిషేధము మూలముగా పదవి కోల్పోయెను. ఇరుగుపొరుగు అనునది ఒకే గొంతు కాదని ఈ సంఘటన తెలుపుచున్నది. దుకాణము ప్రక్క నివసించు తల్లియు పొరుగువారే, చెట్టుపైనున్న గీతగాడును పొరుగువాడే.

తమిళనాట నిషేధకాలమున దొంగసారా పెరిగెను. 1971 ఆగస్టు 30వ తేదీన ప్రభుత్వము నిషేధమును ఎత్తివైచెను. వృద్ధుడైన రాజాజీ ముఖ్యమంత్రి యింటికేగి వలదని వేడుకొనెను. 1974 నాటికి కల్లు, సారాయ దుకాణములు మరల మూతపడెను. 1981లో నిషేధము మరల సడలెను. 1983లో టాస్మాక్ అను ప్రభుత్వ సంస్థ మద్యపు టోకు వ్యాపారమునకు ఏర్పడెను. 1987 జనవరి 1వ తేదీన కల్లు, సారాయములు నిషిద్ధములయ్యెను. 2003లో చిల్లర అమ్మకమును టాస్మాక్ చేతికే వచ్చెను. లైసెన్సిచ్చు ప్రభుత్వమే దుకాణదారుగా మాఱెను. పాటకాలమున ఖజానాకును దుకాణమునకును నడుమ ఒక కంట్రాక్టరు ఉండెడివాడు, ఇప్పుడు ఆ తెరయును తొలగెను. సీసామద్యము దుకాణములో నిలిచినది, చెట్టుకల్లు మాత్రము నేరమైనది. కొంగుసీమ కొబ్బరి రైతులు కల్లుగీతను మరల అనుమతింపుమని కోరుట ఇందువలననే.

మరల వాకిట నిలిచిన స్త్రీలు

నాటకమునకును లైసెన్సునకును గల సంబంధము నెల్లూరు జిల్లాలో మఱియొకమాఱు వెల్లడియయ్యెను. అచట అక్షరాస్యతోద్యమమున కళాజాతలు ఊరూర ఆడినవి. వాచకములో సారా వలన చెడిన సంసారపు కథ యుండెను. దూబగుంట స్త్రీలు తమ యూరి సారాదుకాణమును మూయించిరి. 1992లో ఆ ఉద్యమము జిల్లా దాటి వ్యాపించి సారాపాటలు సాగకుండ జేసెను. రోసమ్మ పేరు తెలుగునాట మాఱుమ్రోగెను. ఆంధ్రప్రదేశములో 1993లో సారాయమును, 1995లో మద్యమంతయు నిషేధింపబడెను. 1997లో ఆ నిషేధము సడలెను.

అవినాశి సీమలో 2017 సంవత్సరము ఇటువంటిదే. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపల మద్యము అమ్మరాదని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పిచ్చెను. 2017 ఏప్రిలు 1వ తేదీనుండి బాటప్రక్క దుకాణములు మూతపడి, ఊళ్లలోనికి చోటు వెదకుకొనసాగెను. తిరుప్పూరు జిల్లా సామళాపురమున అట్టి దుకాణమును వలదని స్త్రీలు బాటపై కూర్చుండగా పోలీసులు లాఠీలు ఝళిపించిరి. ఒక అధికారి స్త్రీని చెంపపై కొట్టుట దేశమంతయు చూచెను. బాటపైని ప్రాణములను కాపాడుటకై పుట్టిన నిబంధన ఊరి వాకిటికి తగవును తెచ్చినది. నిబంధన మాఱ్చునప్పుడు దుకాణము ఎచటనుండి పోవునో చూచిన చాలదు, ఎచటికి చేరునో కూడ చూడవలెను.

2023లో తమిళనాడు ప్రభుత్వము లైసెన్సు నియమములను సవరించి సమావేశమందిరములు, క్రీడాస్థలములు, కల్యాణమండపములలో ప్రత్యేక లైసెన్సుతో మద్యము వడ్డింపవచ్చుననెను. కల్యాణమండపమను మాట వినగానే నిరసన చెలరేగెను. ఏప్రిలులో ఆ మాటను తొలగించి నియమమును దిద్దిరి. 1886, 1888 నాటి వేఱువేఱు చట్టముల క్రింద నిలిచిన రెండు లైసెన్సులు ఒకే కప్పుక్రిందికి చేరబోయి, ఒక చోట ఆగినవి. పెండ్లిపందిరి క్రింద కూర్చుండు తాతయు, మనుమరాలును ఆ నియమమునకు మూడవ పక్షమైరి.

కోయంబత్తూరు, మధుర సీమల తెలుగు సంఘములకు తమ మండపములు, సభాభవనములు కలవు. తరతరములుగా భాష నిలిచినది ఆ కప్పులక్రిందనే. లైసెన్సు కాగితముపై ఇచ్చినవాని సంతకము, పుచ్చుకొన్నవాని సంతకము ఉండును. నాగమ్మ, కణ్ణమ్మ, రోసమ్మ, సామళాపురపు స్త్రీలు కోరినది ఆ కాగితముపై మూడవ సంతకము. గీతగాండ్ర పక్షమున లచ్చన్న కోరినదియు అదియే. ఆ సంతకమునకు చోటు చూపని నిబంధన, పాట రూపమున వచ్చినను నిషేధ రూపమున వచ్చినను, ఈ సీమలో చిరకాలము నిలువలేదని నూటముప్పది యేండ్లకు మించిన చరిత్ర సాక్ష్యమిచ్చుచున్నది.