గొలుసు నుంచి కొక్కెం కింది మనిషి దాకా

గొలుసు మోసకారి. వంద లంకెలు గట్టిగా ఉన్నా ఒక్కటి విరిగితే బరువంతా నేల మీదే. ముందు చప్పుడైనా చేయదు. జర్మనీలోని హార్ట్స్ కొండల గనుల్లో ఈ బాధ పడలేకే విల్‌హెల్మ్ ఆల్బర్ట్ అనే గనుల అధికారి 1834లో ఇనుప తీగలతో తాడు పేనించాడు. నాలుగేసి తీగలతో మూడు పురులు. ఈ తాడులో తీగలు ఒకటొకటిగా తెగి ముళ్లలా పైకి లేస్తాయి. కళ్లు పెట్టి చూసేవాడుంటే అదే హెచ్చరిక.

ఆ శతాబ్ది చివర్లో క్రేన్లకు విద్యుత్ మోటారు వచ్చింది. దాంతో షెడ్డు కప్పు కింద పట్టాల మీద నడిచే ఓవర్‌హెడ్ క్రేన్లు విరివిగా వ్యాపించాయి. అంతకుముందు బరువు ఎక్కువగా లేచిన చోటుకు దగ్గర్లోనే దిగేది. ఇప్పుడది పనిచేసేవాళ్ల నెత్తి మీదుగా షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరికి ప్రయాణం కట్టింది. చట్టాలు మాత్రం చాలాకాలం గొలుసునూ తాడునూ చూస్తూ ఉండిపోయాయి.

2025 నవంబరు దాకా అమల్లో ఉన్న మన 1948 ఫ్యాక్టరీల చట్టం సెక్షన్ 29 సంగతే తీసుకోండి. ఎంత బరువు ఎత్తవచ్చో యంత్రం మీద రాయాలనీ, అది దాటకూడదనీ, 12 నెలలకోసారి అర్హుడైన వ్యక్తి తనిఖీ చేయాలనీ అది చెప్పేది. క్రేను పట్టాల దగ్గర మనిషి పనిచేస్తుంటే 6 మీటర్ల లోపుకు క్రేను రాకూడదనేది. అన్నీ మంచి మాటలే. వేలాడే బరువు కింద నిలబడ్డవాడి ఊసు మాత్రం ఆ సెక్షన్లో ఉండేది కాదు. మనుషుల మీదుగా బరువు తీసుకెళ్లకుండా ఆపరేటరు చూసుకోవాలని అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా నిబంధన నేరుగానే చెబుతుంది.

తనిఖీ కాగితం పట్టుకోలేనిది ఇంకొకటుంది: బరువును కొక్కేనికి తగిలించే తాడు, అంటే స్లింగు, కోణం. రెండు కాళ్ల స్లింగు నిట్టనిలువుగా ఉంటే ఒక్కో కాలు సగం బరువు మోస్తుంది. నేలకు 30 డిగ్రీలకు వాలితే ఒక్కో కాలి మీద మొత్తం బరువంత లాగుడు పడుతుంది. ఈ లెక్క బరువులు కట్టే ఖలాసీ చేతిలో ఉంటుంది, చాలాసార్లు ఎవరూ నేర్పకుండానే.

బరువు దారిలో మనుషులుంటే ఏమవుతుందో చూడండి: 2007 ఏప్రిల్ 18న చైనాలోని చింగ్హే ఉక్కు కర్మాగారంలో క్రేను మోస్తున్న, దాదాపు 30 టన్నుల కరిగిన ఉక్కున్న లాడిల్ అనే పెద్ద పాత్ర కింద పడింది. కరిగిన లోహం మోయడానికి తగని మామూలు క్రేను అది. 32 మంది చనిపోయారు. షిఫ్టు మారే వేళ వాళ్లంతా పక్క గదిలో గుమిగూడి ఉన్నారు.