చరిత్రపూర్వ జంతువుల చిత్రాలలో భావప్రకటన

చరిత్రపూర్వ జంతువుల చిత్రాలలో భావప్రకటన అనగా అంతరించిపోయిన జంతువులను చిత్రించునపుడు వాటికి కోపము, భయము, వాత్సల్యము వంటి భావాలను కల్పించడం. ఈ చిత్రాలకు ముఖ్య ఆధారం శిలాజాలు.

కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల ప్రాచీన శిలలు డైనోసార్లకంటే ఎంతో ముందటివి. వాటిలో డైనోసార్ల ఎముకలు ఉండవు. తెలుగునేలపై ఇందుకు తగిన ఉదాహరణ గోదావరి లోయలో యమన్‌పల్లి వద్ద లభించిన కోటసారస్. సుమారు 12 జంతువులకు చెందిన 840 ఎముకలు దొరకగా, యాదగిరి 1988లో దీనికి పేరు పెట్టాడు. తలభాగంలో రెండు దంతాలే లభించినవి. కనుక హైదరాబాదు బిర్లా సైన్సు మ్యూజియంలోని అస్థిపంజరానికి అమర్చిన తల నమూనా మాత్రమే. చిత్రాలలో దాని ముఖంపై కనిపించే శాంతమైనా, రౌద్రమైనా ఊహయే.

డైనోసార్ల సజీవ బంధువులైన మొసళ్ళు, పక్షులు తమ స్థితిని ఎక్కువగా మెడ, తోక, భంగిమల ద్వారా తెలుపుతాయి. అందుచేత ముడిచిన కనుబొమలకంటే భంగిమయే నమ్మదగిన మార్గం.