డెస్కు నేర్పు చదువు

ఉస్మానియా విశ్వవిద్యాలయమున జర్నలిజం శాఖ 1954వ సంవత్సరమున వెలసినది. 1918లో ఉర్దూ బోధనాభాషగా పుట్టి, హైదరాబాదు సంస్థానము భారతదేశమున విలీనమైన పిమ్మట ఆంగ్లమునకు మరలిన విద్యాపీఠమున, అమెరికా దేశస్థుడైన ఆచార్య డి ఫారెస్ట్ ఓడెల్ చేతుల మీదుగా పత్రికారచనా పాఠములు మొదలగు నాటికి, ఈ విద్యను తరగతి గదిలో చెప్పవచ్చునను భావమే దేశమున కొత్తది. లాహోరులో పంజాబు విశ్వవిద్యాలయము 1941లోను, మదరాసు విశ్వవిద్యాలయము 1947లోను వేసిన బాటను మనవారు త్వరలోనే అందుకొనిరి. పత్రికారచన పుట్టుకతో అబ్బవలసినదే కాని పాఠములతో వచ్చునా యని పెదవి విరుచువారికి నాడు కొదవ లేదు.

ఆ సందేహమునకు శాఖ పత్రికతోనే సమాధానము చెప్పినది. విద్యార్థులే విలేఖరులై వార్త తెచ్చి, వారే సబ్ ఎడిటర్లై దిద్ది, హెడింగు పెట్టి, డమ్మీ గీసి, ప్రూఫు చూచి, 'ఉస్మానియా కొరియర్' అను ల్యాబ్ జర్నల్‌ను వెలువరించు సంప్రదాయము ఏర్పడినది. నా మట్టుకు ఈ శాఖ చరిత్రలో తక్కినవన్నియు ఒక ఎత్తు, ఈ పత్రిక ఒక్కటే ఒక ఎత్తు. ఏడు పదుల ఈ ప్రయాణములో పరికరములు తరతరమునకు మారినను, డెస్కు మీద కూర్చుండి నేర్చిన చదువే నిలిచినదని చెప్పుటకే ఈ నాలుగు మాటలు.

సీసపు అక్షరముల కాలమున గుణింతములకును వత్తులకును వేరువేరు గళ్లు పెట్టుకొని కంపోజిటరు కూర్చెడి తెలుగు పుట, విలేఖరి ఎరుగని లోకము. కాపీ రాసి పంపుటతో అతని బాధ్యత తీరెడిది. ఆఫ్‌సెట్టు ముద్రణయు, పుటలు కట్టు సాఫ్టువేరుగా 1985లో పుట్టిన పేజ్‌మేకరును, దాని వెనుక క్వార్క్ ఎక్స్‌ప్రెస్, ఇన్‌డిజైన్‌లును వచ్చిన పిమ్మట, కంపోజింగు, పేజీ కట్టుట, ప్రూఫు దిద్దుట అను మూడు పనులును క్రమముగా సబ్ ఎడిటరు బల్ల మీదికే చేరినవి. కాబట్టి జర్నలిజం చదువు సాఫ్టువేరు చదువు కాక తప్పినది కాదు.

అయితే ఆ చదువు మీటలు నొక్కుటతో ముగియునది కాదు. ఒక విద్యార్థిని రెండు వరుసల హెడింగు పెట్టుచున్నదనుకొందము. పై వరుసలో 'రాష్ట్రవ్యాప్తంగా' అను మాట ఉన్నది. వరుసల మధ్య ఎడము ఆంగ్ల అక్షరములకు సరిపోవునంతే ఉన్నది. 'ష్ట్ర' కింద వేలాడు వత్తులు రెండవ వరుసలోని గుడిదీర్ఘములతో ఢీకొనును. ఎడము పెంచినచో కింది వార్తకు చోటు చాలదు. అక్షరము తగ్గించినచో పుట వెలవెలపోవును. తుదకు ఆ మాట తీసి 'అంతటా' అని పెట్టగా హెడింగు కుదురును, అర్థమును తేలికపడును. క్లుప్తతను గూర్చి గంటసేపు ఉపన్యసించినను రాని వివేకము ఆ తెర మీద క్షణములో వచ్చును.

టెలివిజన్ వార్తల సాఫ్టువేరు మరియొక పాఠము చెప్పును. బులెటిన్‌లోని ప్రతి వార్తకును చదువుటకు పట్టు సమయమును అది మాటల సంఖ్యను బట్టి కట్టి చూపును. ఆంగ్లపు లెక్కను అట్లే ఉంచినచో తెలుగు బులెటిన్ తప్పక దారి తప్పును; ఏలయన విభక్తులును క్రియారూపములును కలిసిపోయిన మన మాట నిడుపైనది, నిమిషమునకు చదువగల మాటలు తక్కువ. కావున న్యూస్ రీడరు చేత చదివించి, ఆ వేగమును యంత్రమునకు చెప్పవలెను. యంత్రము చూపిన అంకెను నమ్ముటకు ముందు అది దేనిని లెక్కించుచున్నదో అడుగవలెనని అంతకంటె బాగుగ తెలుపు పాఠము కలదా?

అక్షరముల నిలువ విషయమునను ఇదే జాగ్రత్త వలయును. 'అను' అనెడి పాత తెలుగు ఫాంటులలో కొట్టిన కాపీని ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరచినచో తెలుగు మాయమై, అర్థములేని రోమన్ గుర్తులు బారులు తీరును. అక్షరము పైకి తెలుగే. లోపల అది వేరొక గుర్తు. 1991 నాటి తొలి యూనికోడ్ అక్షరసంకేత ప్రమాణముననే తెలుగునకు స్వంత స్థానము దొరికినను, పత్రికల పుటలు చాలకాలము పాత ఫాంటులతోనే నడిచినవి. ఈ కారణమెరిగిన విద్యార్థి తన పత్రిక పాత సంచికలను రేపటివారు వెదకి చదువుకొనునట్లు భద్రపరుపగలడు.

ఇక వృత్తి సాఫ్టువేరు యొక్క ముఖ్యగుణము జవాబుదారీతనము. ఒకరు కాపీ తెరచియుండగా మరియొకరు దానిని దిద్దజాలరు. ఎవరు ఏ నిమిషమున ఏ మాట మార్చిరో లెక్క నిలిచియుండును. పైవారి ఆమోదము లేనిది పుటకు పోదు. కనుక ల్యాబ్ జర్నల్‌ను దినపత్రిక కట్టుబాట్లతోనే, నిర్ణీతమైన గడువునకు నడుపవలెను. ప్రతి విద్యార్థియు విలేఖరి నుండి ఎడిషన్ ఇన్‌చార్జి వరకు అన్ని కుర్చీలలోను కూర్చుండవలెను. మార్కులు అచ్చయిన పుటను మాత్రమే చూచి వేయక, ఆ పుట వెనుక దిద్దుబాట్ల చరిత్రను కూడ చదివి వేయవలెను. ఏ వదంతిని ఎవరు నిలిపి ఆరా తీసిరో, ఏ పేరు తప్పును ఎవరు పట్టిరో అందు కనబడును. పాత్రికేయునకు వేయవలసిన మార్కు దానికే.