మౌఖిక పాఠంలో గ్రంథపాతం: శబ్దచాలిత క్యాసెట్ రికార్డరు, దాని మరమ్మతు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

తాళపత్ర ప్రతిని పరిష్కరించే పండితుడు లేఖకుని అలవాట్లను, ఆకు శైథిల్యాన్ని లెక్కలోకి తీసుకుంటాడు. క్యాసెట్ టేపు నుంచి మౌఖిక పాఠాన్ని ఎత్తి రాసే పరిశోధకుడు మాత్రం ఆ పాఠం ఏ యంత్రం గుండా వచ్చిందో, అప్పుడు ఆ యంత్రం ఏ స్థితిలో ఉందో అడగకుండానే పని ముగించే అవకాశం ఉంది. మాట వినిపిస్తే కదిలి, మౌనం రాగానే ఆగిపోయే శబ్దచాలిత క్యాసెట్ రికార్డరు విషయంలో ఈ ప్రశ్న మరింత ముఖ్యమవుతుంది. ఆ యంత్రం పనితీరును, దాని మరమ్మతులో ఏర్పడిన పరిజ్ఞానాన్ని హైదరాబాదులోని లక్డీకాపూల్ పరిసరాల నేపథ్యంలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మరమ్మతు పరిజ్ఞానం మౌఖిక పాఠపరిష్కరణకు ఒక ఆధారమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: క్యాసెట్ రికార్డరు, మరమ్మతు, మౌఖిక చరిత్ర, జానపద విజ్ఞానం, పాఠపరిష్కరణ, గ్రంథపాతం, లక్డీకాపూల్.

1. ఉపోద్ఘాతం

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్య బిరుదురాజు రామరాజు చేసిన పరిశోధన 'తెలుగు జానపద గేయ సాహిత్యము' 1958లో గ్రంథంగా వెలువడింది. అప్పటికి క్యాసెట్ పుట్టలేదు. నెదర్లాండ్స్‌కు చెందిన ఫిలిప్స్ సంస్థ 1963లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో కాంపాక్ట్ క్యాసెట్‌ను పరిచయం చేసింది. ఆ తరువాతి రెండు దశాబ్దాలలో క్షేత్రపర్యటన స్వరూపమే మారిపోయింది. అలిసెట్టి గాలెయ్య పాడిన పల్నాటి వీరుల కథను జీన్ రోఘేర్ ధ్వనిముద్రణ చేసి, ఆంగ్లానువాదంతో, అధ్యయనంతో 1982లో ప్రచురించారు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల జ్ఞాపకాలను వారి మాటల్లోనే నమోదు చేసి, స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'ను వెలువరించింది.

ధ్వనిముద్రణ రాకముందు పాఠం గాయకుని నోటి నుంచి సేకర్త చెవికి, చెవి నుంచి చేతికి వచ్చేది. టేపు వచ్చాక ఈ రెండింటి మధ్య ఒక యంత్రం చేరింది. సేకర్త పొరబడవచ్చునని అందరూ ఒప్పుకుంటారు. యంత్రం మాత్రం ఉన్నది ఉన్నట్లు పట్టుకుంటుందని నమ్ముతారు. ఈ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో తెలుసుకోవడానికి యంత్రాన్ని విప్పి చూసినవారి పరిజ్ఞానం అవసరం.

2. లక్డీకాపూల్: మాట చుట్టూ ఏర్పడిన ప్రాంతం

ఉర్దూలో 'లక్డీ కా పుల్' అంటే కర్ర వంతెన. ఈ పేరుతో నిలిచిన కూడలికి నడిచి వెళ్లగలిగినంత దూరంలోనే మాటకు ప్రాధాన్యమున్న సంస్థలు అనేకం ఏర్పడ్డాయి. నిజాం పాలనలో 1935లో ప్రసారాలు ప్రారంభించిన దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో విలీనమైంది. ఆకాశవాణి హైదరాబాదు కేంద్రం సైఫాబాదులో ఉంది. 1961లో రవీంద్రభారతి ప్రారంభమైంది. దాని ఎదురుగా శాసనసభ ఉంది. 1985 డిసెంబరు 2న ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం పబ్లిక్ గార్డెన్స్‌లో వెలసింది. లక్డీకాపూల్ నుంచి ఖైరతాబాదు మీదుగా పంజగుట్ట, అమీర్‌పేట వరకు సాగే దారి పొడవునా కార్యాలయాలు పెరిగాయి.

రేడియో కేంద్రాల స్టూడియోలకు పెద్ద రీళ్ల యంత్రాలు ఉండేవి. జేబులో పట్టే క్యాసెట్ రికార్డరు విలేకరికి, కార్యాలయంలో ఉత్తరాలు చెప్పి రాయించే అధికారికి, క్షేత్రపర్యటనకు బయలుదేరే పరిశోధకునికి పనికివచ్చింది. ముగ్గురి అవసరాలు వేరు. విలేకరికి ఒక వాక్యం కావాలి. అధికారికి ఉత్తరం పూర్తయితే చాలు. పరిశోధకునికి మాటతోపాటు మాట్లాడిన తీరు కూడా కావాలి. అయితే వారి చేతికి వచ్చిన యంత్రం ఒకటే. అది ప్రధానంగా మొదటి ఇద్దరి అవసరాలకు అనుగుణంగా రూపొందింది.

1991 ఆర్థిక సంస్కరణలకు ముందు విదేశీ ఎలక్ట్రానిక్ వస్తువుల దిగుమతిపై కఠినమైన ఆంక్షలు ఉండేవి. అందువల్ల జపాను రికార్డర్లు ఎక్కువగా గల్ఫ్ దేశాల నుంచో అమెరికా నుంచో వచ్చిన బంధువుల పెట్టెల్లో చేరేవి. సోనీ సంస్థ భారతదేశంలో తన శాఖను స్థాపించింది 1994లోనే. యంత్రం చెడితే దిక్కు పేటలోని రేడియో, టేపు మరమ్మతు దుకాణమే. విడిభాగాలకు కోఠిలోని గుజరాతీ గల్లీ ప్రసిద్ధి. సరిగ్గా అదే భాగం దొరకనప్పుడు దగ్గరి కొలతది వేసి సరిచేయడం ఈ వృత్తిలో నిత్యకృత్యం. ఆ సర్దుబాటు ప్రభావం తరువాత ఆ యంత్రంలో నమోదైన ప్రతి టేపు మీదా పడుతుంది.

3. శబ్దచాలన: ఉద్దేశం, పనితీరు

శబ్దంతో నడిచే సౌకర్యాన్ని సోనీ 'వి.ఓ.ఆర్.' అని, పానాసోనిక్ 'వి.ఎ.ఎస్.' అని, ఒలింపస్ 'వి.సి.వి.ఎ.' అని పిలిచాయి. టేపును, బ్యాటరీని ఆదా చేయడం దీని ఉద్దేశం. కాంపాక్ట్ క్యాసెట్ టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో కదులుతుంది. అరవై నిమిషాల క్యాసెట్‌లో ఒక్కో వైపు ముప్పై నిమిషాలకు సుమారు 86 మీటర్ల టేపు ఖర్చవుతుంది. కరెంటు నమ్మకంలేని పల్లెలో రెండు పెన్సిల్ బ్యాటరీలతో రోజంతా గడపవలసిన పరిశోధకునికి ఈ ఆదా చిన్న విషయం కాదు.

దీని నిర్మాణం సరళమైనదే. మైకు నుంచి వచ్చిన సంకేతాన్ని పెంచి, ఏకదిశ విద్యుత్తుగా మార్చి, ఒక కెపాసిటర్‌ను నింపుతారు. అందులోని వోల్టేజి నిర్ణీత స్థాయిని దాటితే మోటారు తిరుగుతుంది. మాట ఆగితే కెపాసిటర్ మెల్లగా ఖాళీ అవుతుంది. కొద్ది సెకన్లకు మోటారు ఆగిపోతుంది. కొన్ని నమూనాలలో రెండు స్థాయిల మీట ఉండేది: సమావేశాలకు, నిశ్శబ్దమైన చోట్లకు ఎక్కువ సున్నితత్వం, డిక్టేషన్‌కు, సందడిగా ఉండే చోట్లకు తక్కువ సున్నితత్వం.

ఇందులో ఒక సహజ లోపం ఉంది. మాట మొదలైన తరువాతే మోటారు కదులుతుంది. అది పూర్తి వేగం అందుకోవడానికి కొంత వ్యవధి పడుతుంది. ఆలోగా పలికిన మొదటి అక్షరం పోతుంది, లేదా నెమ్మదిగా కదిలే టేపు మీద పడుతుంది. అలా పడిన శబ్దం మామూలు వేగంతో వినిపించినప్పుడు హెచ్చుస్థాయిలో, పిట్ట కూతలా కీచుమంటుంది. మోటారు ఆగే క్షణంలోనూ ఇదే జరుగుతుంది.

4. మరమ్మతు పరిజ్ఞానం

4.1 బెల్టు, రోలరు: మోటారు నుంచి చక్రాలకు చలనాన్ని అందించేది సన్నని రబ్బరు బెల్టు. ఏళ్లు గడిచేకొద్దీ అది సాగుతుంది, లేదా కరిగి నల్లని జిగురుగా మారుతుంది. ఆ జిగురును స్పిరిట్‌లో ముంచిన దూదితో పూర్తిగా తుడిచిన తరువాతే కొత్త బెల్టు వేయాలి. టేపును కదిలించే సన్నని ఇరుసుకు టేపును అదిమి పట్టే రబ్బరు రోలరు గట్టిపడితే వేగం ఊగిసలాడుతుంది. ఒక్కోసారి టేపు లోపల చుట్టుకుపోతుంది. శబ్దచాలిత యంత్రంలో మోటారు మాటిమాటికీ ఆగి కదులుతుంది కనుక, వదులైన బెల్టు ప్రతి ప్రారంభంలోనూ జారుతుంది.

4.2 వేగం: చాలా యంత్రాలలో మోటారు వెనుక చిన్న రంధ్రం ఉంటుంది. అందులోని స్క్రూను తిప్పితే వేగం మారుతుంది. ప్రామాణిక స్వరం నమోదైన పరీక్ష టేపుతో దీనిని సరిచూడాలి. పరీక్ష టేపు లేకపోతే తెలిసిన పాటను వింటూ చెవి అంచనాతో సరిచేసే వీలుంది. ఆరు శాతం తేడా వస్తే శ్రుతి దాదాపు ఒక స్వరస్థానం మారుతుంది. ముప్పై నిమిషాల ముద్రణ సుమారు 28 నిమిషాల 18 సెకన్లలో ముగుస్తుంది. గాయకుడు ఏ శ్రుతిలో పాడాడన్న నిర్ధారణ ఆ స్క్రూ మీద ఆధారపడి ఉంటుంది.

4.3 హెడ్డు: టేపు మీది అయస్కాంత పొడి హెడ్డుకు అంటుకుంటే హెచ్చు పౌనఃపున్యాలు తగ్గుతాయి. హెడ్డు పక్కనున్న స్ప్రింగు స్క్రూ కదిలి, టేపు దారికి హెడ్డు లంబంగా లేకపోయినా ఫలితం అదే. దీని ప్రభావం మొదట ఊష్మాలపై పడుతుంది. 'శివుడు' అన్నారా, 'సివుడు' అన్నారా అన్నది మాండలిక పరిశోధకునికి ముఖ్యమైన ఆధారం. హెడ్డు మురికిపడిన టేపులో శకార సకారాల భేదం చెవికి స్పష్టంగా అందదు. మాండలిక లక్షణమని నిర్ణయించినది కొన్ని సందర్భాలలో యంత్ర దోషం కావచ్చు.

4.4 కెపాసిటర్: పాతబడిన ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఎండిపోయి సామర్థ్యం కోల్పోతుంది. అప్పుడది త్వరగా ఖాళీ అవుతుంది. వాక్యం ముగిశాక ఆగవలసిన మోటారు పదాల మధ్యనే ఆగుతుంది. యజమానికి ఇది 'టేపు ఆగి ఆగి నడుస్తోంది' అన్న ఫిర్యాదుగా తోస్తుంది. మోటారునో బెల్టునో మార్చినా ఈ దోషం పోదు. శబ్దచాలన మీటను ఆపి చూడటం సరైన మొదటి పరీక్ష: అప్పుడు టేపు నిలకడగా నడిస్తే దోషం ఈ విభాగంలోనే ఉందని తేలుతుంది.

5. మౌఖిక పాఠంపై ప్రభావం

తాళపత్రంలో పురుగు తిన్న చోట రంధ్రం మిగులుతుంది. పరిష్కర్త దానిని చూసి, అక్కడ గ్రంథపాతం ఉందని చుక్కలతో సూచిస్తాడు. శబ్దచాలిత టేపులో పోయిన భాగానికి ఖాళీ మిగలదు. రెండు కొసలూ ఒకదానికొకటి అతుక్కుంటాయి. అరవై నిమిషాల క్యాసెట్ నిండినా సంభాషణ ఎంతసేపు సాగిందో తెలియదు. ప్రశ్నకు జవాబు వెంటనే వచ్చిందా, రెండు నిమిషాల తరువాత వచ్చిందా అన్నది చెరిగిపోతుంది.

ఈ నష్టం ఎంతటిదో రెండు అధ్యయనాలు స్పష్టం చేస్తాయి. డెన్నిస్ టెడ్‌లాక్ 1972లో జూనీ తెగ కథలను ప్రచురించినప్పుడు టేపులోని విరామాలనే పాదవిభజనకు ఆధారం చేసుకున్నారు. ఇటలీకి చెందిన అలెస్సాండ్రో పోర్టెల్లి 1979లో రాసిన వ్యాసంలో మాటల వేగంలోని మార్పు, విరామాల నిడివి అర్థంలో భాగమని వాదించారు. విరామాలను కత్తిరించిన టేపుపై ఈ పద్ధతులేవీ నిలవవు.

నష్టం అన్ని సందర్భాలలోనూ సమానంగా ఉండదు. ఒగ్గుకథలో డోలు, బుర్రకథలో వంతలు, చుట్టూ చేరిన జనం సందడి యంత్రాన్ని ఆగనీయవు. రాత్రివేళ తాతయ్య చెప్పే కథలో మైకుకు దూరంగా కూర్చున్న పిల్లవాడు కొట్టే 'ఊఁ' మాత్రం నిర్ణీత స్థాయిని అందుకోకపోవచ్చు. అన్నిటికంటే ఎక్కువ నష్టం తలుపులు మూసిన గదిలో, మెల్లని గొంతుతో, ఆగి ఆగి చెప్పే సాక్ష్యానికి. స్త్రీల అనుభవ కథనాలలో, పోయినవారిని తలచుకునే సందర్భాలలో మాట తడబడి ఆగుతుంది. చెప్పలేకపోవడం కూడా చెప్పడంలో భాగమైన ఆ చోటనే మోటారు ఆగిపోతుంది. ఎత్తి రాసిన ప్రతిలో ఆమె గడగడా చెప్పినట్లు కనిపిస్తుంది.

ఇక్కడే మరమ్మతు పరిజ్ఞానం పరిశోధకునికి అక్కరకు వస్తుంది. మంచి స్థితిలో ఉన్న యంత్రం వెంటనే వేగం అందుకుంటుంది కనుక అతుకు దాదాపు వినిపించదు. బెల్టు వదులైన యంత్రం ప్రతి అతుకు వద్దా కీచుమంటుంది. యజమాని దోషమని తెచ్చిన ఆ శబ్దమే గ్రంథపాతానికి గుర్తు. డిజిటల్ రూపంలోకి మార్చేటప్పుడు దానిని 'చెత్త శబ్దం'గా భావించి తొలగిస్తే, మిగిలిన ఒక్క ఆధారమూ పోతుంది.

6. పాఠపరిష్కరణకు సూచనలు

1. టేపు వివరాలలో గాయకుని పేరు, ఊరు, తేదీతోపాటు యంత్రం నమూనా, శబ్దచాలన మీట స్థితి, యంత్రానికి జరిగిన మరమ్మతులు నమోదు చేయాలి.

2. డిజిటలీకరణకు ముందు హెడ్డు, రోలరు శుభ్రపరచి, బెల్టు, వేగం సరిచూడాలి. హెడ్డు కోణాన్ని ప్రతి టేపుకూ విడిగా సర్దాలి. ఎందుకంటే ముద్రణ జరిగిన యంత్రం కోణం ఎలా ఉందో టేపు అలాగే వినిపించాలని కోరుతుంది. అంతర్జాతీయ శబ్ద, దృశ్యశ్రవణ భాండాగారాల సంఘం మార్గదర్శకాలు కనీసం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల ప్రమాణాన్ని సూచిస్తున్నాయి.

3. భారతదేశంలో విద్యుత్ సరఫరా పౌనఃపున్యం 50 హెర్ట్జ్. టేపులో కరెంటు హోరు వినిపిస్తే దానిని కొలవాలి. అది 53 హెర్ట్జ్‌గా ఉంటే టేపు ఆరు శాతం వేగంగా నడుస్తోందన్నమాట.

4. కీచు శబ్దం, నేపథ్య ధ్వనిలో హఠాత్తుగా వచ్చే మార్పు అతుకుకు గుర్తులు. వాటిని ఎత్తి రాసిన ప్రతిలో గ్రంథపాత చిహ్నంతో చూపాలి. శుద్ధి చేయని మూలధ్వనిని విడిగా భద్రపరచాలి.

7. ఉపసంహారం

ఈనాడు లక్డీకాపూల్, పంజగుట్ట, అమీర్‌పేట ఒకే మెట్రో మార్గంలోని స్టేషన్లు. ప్రయాణికుల చేతుల్లోని ఫోన్లే రికార్డర్లు. క్యాసెట్ యంత్రం వాడుక నుంచి తప్పుకున్నా, దానిపై నమోదైన పాఠాలు సిద్ధాంత గ్రంథాలలో, సంకలనాలలో ఆధారాలుగా నిలిచే ఉన్నాయి. వాటిని మళ్లీ వినాలంటే యంత్రాన్ని నడిపించగల చేతులు కావాలి. వాటిని సరిగా చదవాలంటే ఆ చేతులకు తెలిసినది పరిశోధకునికీ తెలియాలి.

తాళపత్రాలను సేకరించిన తరం ఆకును, గంటాన్ని, లేఖకుని అలవాట్లను కూడా అధ్యయనం చేసింది. టేపులను వారసత్వంగా పొందిన తరం బెల్టును, హెడ్డును, మరమ్మతు చేసినవారి అనుభవాన్ని అధ్యయనం చేయవలసి ఉంది. ఆ వృత్తిలో మిగిలినవారి జ్ఞాపకాలను సేకరించడం మౌఖిక చరిత్ర పరిధిలోని పనే. ఆ సేకరణలోనైనా శబ్దచాలన మీటను ఆపి ఉంచడం అవసరం.