ఉత్తరం కిటికీ

రా అబ్బీ, ఇట్లా జరుగు. ఆ సెల్‌ఫోను రవ్వంత సేపు పక్కన పెట్టు, అది యాడికీ పోదులే.

గోడ మీద మా అవ్వ పటం చూస్తివా? ఆదోనిలో తీయించినాం. మాది ఎమ్మిగనూరు, మగ్గమున్న ఇల్లు. పటం దిగితే ఆయుస్సు తగ్గుతాదని అవ్వకు శానా భయం. పైగా పరాయి మగోని ముందర తల మీది కొంగు దించేదెట్ల అని! హైదరాబాదులో రాజా దీన్‌దయాళ్ 1892లోనే పరదా ఆడోళ్లకని వేరే స్టూడియో పెట్టి, ఆడమనిషి చేతనే తీయించినాడు. నిజాం కొలువులో ఫోటోగ్రాఫరు గనక ఆయనకు చెల్లింది. మాకంత భాగ్యం యాడిది? మంత్రాలయం చూపిస్తామని చెప్పి అవ్వను బస్సెక్కించినాం. చూపించినాం కూడా, కాకుంటే ఆదోని మీదుగా.

ఏమో చెప్తా యాడికో పోతిని. స్టూడియో అంటే ఒక మిద్దె గది, ఉత్తరం పక్క పెద్ద కిటికీ. ఏడాదిలో శానా నెలలు పొద్దు దక్షిణానికి వాలి నడుస్తాది గనక ఆ కిటికీలో ఎండ పడదు, వట్టి వెలుతురే వస్తాది. ఎండలో కూర్చుంటే కండ్లు చికిలిస్తాం, కంటి కింద మసి పూసినట్టు నీడ. ముఖం చూసి బొట్టు పెట్టేది తప్పంటారు గానీ, ఆ స్టూడియో ఫోటోగ్రాఫరు ఆయప్ప పనే అది. పెండ్లి కావాల్సిన పిల్లను కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టేవాడు, ముసలోళ్లను పక్కకు తిప్పేవాడు. మధ్యాన్నం మూడు దాటితే కెమెరా ముట్టడు. దీపముండంగనే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు గదా!

అవ్వకు ఎడమ చెంప చీకటైంది. ఆయప్ప నా భుజం మీది దుప్పటి గుంజినాడు. మాచాని సోమప్ప గారు 1938లో పెట్టిన మా చేనేత సంఘం దుప్పటి, మల్లెపూవంత తెలుపు. దాన్ని చీకటి పక్క పరిచి పట్టుకోమన్నాడు. నేనొక అడుగు ముందుకేస్తే చెంప మీది ముడతలు ఒక్కొక్కటే తేలినాయి, వెనక్కి పోతే మునిగినాయి. "ఆడ్నే నిలబడు" అన్నాడు. అవ్వను ఊపిరి బిగబట్టమన్నాడు. టక్కుమంది, అంతే. రీలుకు పన్నెండే బొమ్మలు మరి. మీరైతే టీ తాగేలోపల యాభై తీస్తారు.

మూడు పటాలకు మూడు రూపాయలు. నెగిటివు మీద పెన్సిలుతో ముడతలు దిద్దేది అప్పటి అలవాటు. అవ్వవి మాత్రం దిద్దలేదు. ఆయప్ప పనితనమంతా ఆడ్నే ఉందంటాను.

లేచి ఆ అద్దం తుడిచి, అవ్వ కంటి నల్లగుడ్డు చూడు. గోరంత తెల్లచుక్క ఉంది గదా, అది ఆ ఉత్తరం కిటికీ.